టోకెన్ తగిలించిన చెయ్యి

ఆ శుక్రవారం క్లెమెంట్ రైలెక్కలేదు.

ఆండర్సన్‌పేటలో మనిషి రైలు మానుకున్నాడంటే ఆ ఇంట్లో పెళ్ళయినా జరుగుతుండాలి, చావయినా జరిగి ఉండాలి. తెల్లవారకముందే బెంగుళూరు రైలు సగం ఊరిని ఎక్కించుకుని పోతుంది, పొద్దుగూకాక తెచ్చి దింపుతుంది. బంగారు గని మూతబడిన ఈ పదహారేళ్ళుగా ఊరికి అన్నం పెడుతున్నది ఆ రైలే. క్లెమెంట్ తొమ్మిదేళ్ళలో రెండుసార్లు దాన్ని వదిలాడు. ఒకసారి తన పెళ్ళికి, ఒకసారి కూతురు పుట్టినప్పుడు. ఇది మూడోసారి. భార్యకు అబద్ధం నేర్పడానికి ఆగాడు.

“టోకెన్ లేదు, తలుపు తట్టినా, పలకలేదు, కూతురింటికి పోయినాడనుకున్నా. అంతే చెప్పు. ఎవురు చూసినారు?” అన్నాడు.

డయానా ఖాకీ చొక్కా మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది. పదకొండు గంటలకు స్టేషన్లో డీవైఎస్పీ విచారణ. ఆ పూట తర్వాత తనకు బీట్ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఉన్నా ఊడినా చొక్కా మడత మాత్రం నలగకూడదని ఆమె పట్టుదల.

“బీట్ పుస్తకంలో నా చేత్తోనే రాసినా. సోమవారం ఎనిమిదీ పది, టోకెన్ ఉండాది, అంతా సరి అని.”

“కొట్టేసి రాయి.”

“కొట్టేసి రాసేదానికి పోలీసెందుకు? నువ్వు రాస్తే చాలదా?”

క్లెమెంట్ మొహం తిప్పుకున్నాడు. అతనికి కోపం కన్నా భయం ఎక్కువ. భయపడిన మగవాడు పెళ్ళాం మీద అరవడం లోకంలో ఉన్నదే. క్లెమెంట్ అరిచే రకం కాదు కనుక గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

నలుగురి నోళ్ళలో నాని సగం ఊరికి తెలిసిపోయిన సంగతే అది. గని కార్మికుల ఇళ్ళ వరుసల్లో, ఏడో లైనులో ఒంటరిగా ఉండే ఈశ్వరప్ప సోమవారం తెల్లవారి ఇంటి వెనక స్నానాల గదిలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అరిచినా వినే పక్కింటివాళ్ళు రైల్లో ఉన్నారు. మంగళవారం మధ్యాహ్నం కూతురు అర్పిత ఆవని ఊరి నుంచి పాలడబ్బాతో వచ్చి తలుపు తోసేదాకా అతను ఆ తడి గచ్చు మీదే ఉన్నాడు. ఒకటిన్నర రోజు. ఇప్పుడు కోలారు ఆసుపత్రిలో పడుకుని కళ్ళు తెరుస్తున్నాడు గానీ మాట్లాడడం లేదు.

ఆ ఒకటిన్నర రోజులో మూడో బీట్ పోలీసు డయానా ఆ వాకిటి ముందు నుంచి రెండుసార్లు పోయింది. రెండుసార్లూ తలుపు పక్కన మేకుకు ఇత్తడి టోకెన్ వేలాడుతూ కనిపించింది. రెండుసార్లూ స్కూటర్ ఆపలేదు.

ఆ టోకెన్ల పద్ధతి పెట్టింది ఆమే. గనిలో పని చేసిన ప్రతివాడి దగ్గరా నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి మిగిలింది. పొద్దున లేచి, ఒంట్లో బాగుంటే, ఎనిమిది లోపల దాన్ని తలుపు పక్క మేకుకు తగిలించాలి. దీపాలు పెట్టే వేళకు లోపలికి తీసుకోవాలి. మేకు ఖాళీగా ఉన్న ఇంటి ముందు డయానా ఆగుతుంది, పిలుస్తుంది, పలకకపోతే తలుపు తీయిస్తుంది. అరవైమూడు ఇళ్ళు, రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో సుగర్ పడిపోయి స్పృహ తప్పిన ఇద్దరిని, పక్షవాతం వచ్చి మంచం మీద నుంచి లేవలేని ఒకరిని ఆ ఖాళీ మేకులే ఆమెకు చూపించాయి.

ఖాకీ చొక్కా కనబడితే తలుపులు మూసుకునే లైన్లు అవి. మూతబడ్డ గనిలో పాత ఇనుము ఏరుకున్నవాళ్ళ కోసం పోలీసు జీపులు తిరిగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అలాంటి చోట ఒక పోలీసు కోసం అరవైమూడు మంది పొద్దున్నే లేచి తలుపు తీసి టోకెన్ తగిలిస్తున్నారంటే డయానాకు గర్వంగా ఉండేది. ఉండకూడదా? ఉండేది. కంట్రోల్ రూములో ఫ్యాను కింద కూర్చునే పని రెండుసార్లు వచ్చినా వద్దంది అందుకే.

ఇప్పుడు అదే పని శిక్షగా రాబోతోంది.

వంటింట్లో అత్త సెలీన్ రాగి సంగటి గెలుకుతోంది. గరిటె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. అదే డయానాను పొద్దుటి నుంచి కుడుతోంది. సెలీన్ ప్రార్థన కూటంలో పాస్టరు మాటకు కూడా సవరణ చెప్పే మనిషి. మంగళవారం సాయంత్రం నుంచి ఆమె నోట వంటింటి మాటలు తప్ప మరో మాట రాలేదు. కోడలి ఉద్యోగం మీదికి వచ్చినా అయ్యో అనలేదు. మామ అమృతరాజు అదే సాయంత్రం నుంచి సరిగా తినలేదు. ఏమంటే బీపీ అంటోంది అత్త.

పోలీసు పనిలో డయానాకు అబ్బిన విద్య ఒకటే. మాట్లాడేవాళ్ళ కంటే, మాట్లాడవలసి ఉండి మాట్లాడనివాళ్ళను ముందు చూడాలి.

ఇస్త్రీ పెట్టె దించి పెరట్లోకి నడిచింది.

అమృతరాజు ఆమె స్కూటర్ తుడుస్తున్నాడు. అది ఆయన రోజూ చేసే పని. నేను తుడిచిన బండి మీదే మా కోడలు డ్యూటీకి పోతుందని లైను పొడుగునా చెప్పుకున్న మనిషి. ఈ రోజు తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

“మామా, సోమవారం పాలకి ఏ దావన పోయినావు?”

గుడ్డ ఆగింది. “ఏడో లైను మిందనే.”

“ఎన్ని గంటలకి?”

“ఏడున్నర ఉంటాది.”

“ఈశ్వరప్ప మామ మేకుకి టోకెన్ ఉన్నిందా అప్పుడు?”

అమృతరాజు గుడ్డను మడిచి సీటు మీద పెట్టాడు. మళ్ళీ విప్పాడు. అరవైఆరేళ్ళ మనిషి, రెండు కిలోమీటర్ల లోతున రాయి కొట్టిన మనిషి, కోడలి మొహంలోకి చూడలేకపోయాడు.

“ఉండ్లేదు,” అన్నాడు. “నేనే తగిలించినా.”

ఆయన తనంతట తానే చెప్పుకుపోయాడు. టోకెన్ కిటికీ మీద ఉందట, చెయ్యి పెడితే అందేంత దగ్గర. ఆదివారం రాత్రి ముత్యాలప్ప మనవరాలి పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఈశ్వరప్ప పొద్దుపోయి ఇంటికి చేరాడు కనుక నిద్ర పట్టి ఉంటుందనుకున్నాడట.

“నువ్వొచ్చి తలుపు గుద్దితే లైనంతా గుమిగూడతాది. వాడు కండ్లు నలుపుకుంటా బయటికొస్తే పదిమంది నవ్వుతారు. నాగా పడకుండా చూసినాలే అనుకున్నా. గనిలో అట్లే గదమ్మా చేసేది. తోడువాడు పది నిమిషాలు ఆలస్యమైతే వాని టోకెన్ గూడా బోర్డు మింద నుంచి మనమే తీసి, దిగినట్టు లెక్క రాయించేది. వాడు ఎనకాలే వచ్చేస్తా ఉండె.”

“ఒగసారి పిలిచి చూసినావా?”

“లేదు.”

డయానాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన ఏడేళ్ళలో మామ మీద అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు. సొంత తండ్రికంటే ఎక్కువగా చూసుకున్న మనిషి. పోలీసు సెలక్షన్‌కు ఆమె పరిగెత్తడం నేర్చుకునేటప్పుడు గడియారం పట్టుకుని గ్రౌండులో నిలబడ్డ మనిషి. టోకెన్ల సంగతి ఆమె చెప్పగానే ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది కూడా ఆయనే. పోలీసు మాట మీద కాదు, అమృతరాజు మాట మీదే అరవైమూడు మేకులు దిగాయి. ఆ చెయ్యే ఇప్పుడు ఈ పని చేసింది.

“నాకు అప్పుడే బుద్ధి రావాల్సింది,” అన్నాడాయన నెమ్మదిగా. “ఇది ఒగటో తూరి కాదు.”

గని లోపల బండ పేలిన రోజు కథ లైన్లలో అందరికీ తెలుసు. ఇద్దరిని మోసుకొచ్చి, మూడో మనిషి కోసం అమృతరాజు మళ్ళీ దిగి ఆరు గంటలు వెతికాడు. దిగినవాడు తిరిగి వచ్చినందుకే చర్చిలో ప్రార్థన చేశారు. ఆ మూడో మనిషి ఈశ్వరప్ప. ఆ రోజు అతను పనిలోకే దిగలేదు, జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. అతని టోకెన్ తీసింది అమృతరాజే. వెనకాలే వస్తాడనుకున్నాడు. లేని మనిషి కోసం ఆరు గంటలు రాళ్ళు తవ్వాడు.

“టోకెన్ నేను తీసిన సంగతి నాకూ వానికీ తప్ప ఎవురికీ తెలీదు. ఇన్నేండ్లూ ఆ పేరు మిందనే బతికినా.”

వంటింటి గుమ్మంలో సెలీన్ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

“అది ఈ ఇంట్లోనే ఉండిపోవల్ల,” అంది. మూడు రోజుల్లో ఆ సంగతి మీద ఆమె మొదటి మాట అదే.

ఆ వెనకే క్లెమెంట్. అరగంట కిందటి దాకా అబద్ధం నేర్పిన మనిషికి ఇప్పుడు నిజం దొరికింది, లంకెబిందెలు దొరికినట్టు పట్టుకున్నాడు. ఇంకేముంది, నాయన్ని వెంటబెట్టుకుని పో, ఆయన చెప్తే నీ మీద మచ్చ ఉండదు అన్నాడు. సెలీన్ కొడుకు మీద విరుచుకుపడింది. నీ పెండ్లానికి పోయేదేముంది, కంట్రోల్ రూములో అదే జీతం, పైన ఫ్యాను. నీ నాయనకు పోయేది పేరు, అది పోతే ఏ ఆఫీసువాడు తెచ్చిస్తాడని అడిగింది. తప్పు చేసింది ఒకరు, పడేది ఒకరా అన్నాడు క్లెమెంట్. నీకు జన్మనిచ్చినోడు తప్పు చేస్తే తప్పులెంచేదానికి నువ్వొచ్చినావా అంది తల్లి. అప్పటికి గోడ అవతల పక్కింటి తాయమ్మ తల కనిపించడంతో ఇద్దరూ గొంతు తగ్గించారు గానీ తగవు తగ్గించలేదు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మామ పేరు చెబితే తనకు బీట్ మిగులుతుంది, ఆయనకు తలెత్తుకునే వీలుండదు. చెప్పకపోతే ఆయన తల నిలుస్తుంది, తన బీట్ పోతుంది. డయానా లోపలికి పోయి యూనిఫారం వేసుకుని, బెల్టు బిగించుకుని, టోపీ చేత్తో పట్టుకుని వచ్చింది.

“నువ్వు ఇంట్లోనే ఉండు మామా. రావద్దు.”

“ఏం చెప్తావమ్మా వాళ్ళకి?”

“నా తప్పు నేను చెప్తా.”

స్కూటర్ స్టార్ట్ చేసింది. ఏడో లైను మీదుగా పోతుంటే ప్రతి మేకుకూ టోకెన్ ఉంది. ఆమె ఒక్కదాన్నీ నమ్మలేదు.

డీవైఎస్పీ ఆ జిల్లాకు కొత్త. ధారవాడ వైపు మనిషి, సన్నగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నాడు. ఎస్సై అంబరీష్ ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ పక్క బెంచీ మీద అర్పిత కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర నలిగి, కళ్ళు ఉబ్బి. డయానా సెల్యూట్ చేసింది. అర్పిత ఆమె వైపు చూడలేదు.

విచారణ కన్నడంలో నడిచింది. ఈ టోకెన్ల పద్ధతి ఏ ఆర్డర్లో ఉందని డీవైఎస్పీ అడిగాడు. ఎందులోనూ లేదంది డయానా. ఎవరు అనుమతించారని అడిగాడు. అంబరీష్ కిటికీలోంచి వేపచెట్టును చూశాడు. రెండేళ్ళ కిందట ఆ పద్ధతికి మంచి ఐడియా అని భుజం తట్టినవాడు అతనే. డయానా అతని వైపు చూడకుండా, నేనే పెట్టుకున్నాను సార్ అంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, ఆ పూట ఆమె చెప్పే తీరుకు అడిగేవాడే కాగితం మీది నుంచి తల ఎత్తి చూశాడు.

“తప్పు నాదే సార్,” అంది. “మనిషిని చూడాల్సిన చోట నేను ఇత్తడిని చూశాను. సోమవారం సాయంత్రం ఆ టోకెన్ లోపలికి పోలేదు, రాత్రంతా బయటే ఉంది. మంగళవారం కూడా అదే చూసి అంతా సరి అని రాసుకున్నాను. స్కూటర్ దిగి ఒక్క పిలుపు పిలిచి ఉంటే ఆయన ఒక రోజు ముందే ఆసుపత్రిలో ఉండేవాడు. రెండేళ్ళు బాగా నడిచేసరికి పద్ధతిని నమ్మడం అలవాటైపోయింది నాకు.”

బెంచీ మీద అర్పిత మొదటిసారి తల తిప్పింది.

డీవైఎస్పీ రాసుకున్నాడు. తర్వాత ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న అడిగాడు. మనిషి ఆరు గంటలకే పడిపోతే ఎనిమిదింటికి టోకెన్ ఎలా వచ్చింది?

“ఇంకొకరు తగిలించారు సార్.”

“ఎవరో తెలుసా?”

“తెలుసు సార్.”

“చెప్పు.”

డయానా చెప్పలేదు. అటెన్షన్లో నిలబడి ఆయన తల వెనక గోడను చూస్తూ ఉండిపోయింది. అంబరీష్ దగ్గాడు. పక్క గదిలో వైర్‌లెస్ ఏదో గొణిగి ఊరుకుంది. విచారణలో జవాబు చెప్పని పోలీసుకు ఏమవుతుందో తెలుసా అని డీవైఎస్పీ అడిగాడు. తెలుసు సార్ అంది. ఆయన ఫైలు కింది నుంచి టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. కంట్రోల్ రూముకు మారుస్తున్న ఆర్డరు. సంతకం ఒక్కటే తక్కువ. ఆయన పెన్ను మూత తీశాడు.

ఆ మూత తీస్తుండగానే బయట సెంట్రీ ఎవరినో ఆపుతున్న గొంతు వినబడింది. అతను ఆపలేకపోయిన గొంతు కూడా వినబడింది, అది తాయమ్మది.

ముందు అమృతరాజు వచ్చాడు. ఆదివారం చర్చికి మాత్రమే వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. వెనక సెలీన్. గరిటె పట్టుకుని అడ్డం నిలబడ్డ మనిషి తానే ఆయన వెంట నడిచి వచ్చింది. ఆ వెనక, పిలవకుండా, తాయమ్మ. వాళ్ళతో వచ్చిన క్లెమెంట్ బయట స్కూటర్ దగ్గరే ఆగిపోయాడు.

“టోకెన్ తగిలించింది నేను సార్,” అన్నాడు అమృతరాజు వచ్చీ రాని కన్నడంలో. పెరట్లో చెప్పినంతా చెప్పాడు. పిలిచి చూడలేదని కూడా చెప్పాడు. బండ పేలిన రోజు సంగతీ దాచుకోలేదు. చెప్తున్నంతసేపూ సెలీన్ ఆయన మోచెయ్యి పట్టుకునే ఉంది. ఒంటిగా వస్తే ఈయనకి నోరు రాదు సార్, అందుకని వచ్చినా అంది.

డీవైఎస్పీ డయానా వైపు తిరిగాడు. ఈయన ఎవరు?

“మా మామ సార్.”

“నీకు ముందే తెలుసా?”

“ఈ పొద్దున తెలిసింది సార్.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“పొద్దున ఆయన చెప్పుకున్నది కోడలికి సార్. పోలీసుకు చెప్పాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవాలి. ఇప్పుడు చెప్పాడు. రాసుకోండి.”

అంతసేపూ నోరు కట్టుకుని నిలబడ్డ తాయమ్మకు ఇక చేతకాలేదు. ఆ పాపం అమృతప్ప ఒక్కడిదే కాదని మొదలుపెట్టింది. శివరాత్రికి తాను ఆవని తిరునాళ్ళకు పోయి రెండు రోజులు ఉన్నప్పుడు తన టోకెన్ పక్కింటి చిన్నవెంకటమ్మ తగిలించిందని చెప్పింది. లేకుంటే పోలీసు పాప తలుపు పగలగొట్టిస్తుందని భయం. చిన్నవెంకటమ్మ మోకాళ్ళ నొప్పితో లేవలేని రోజున ఆమెది తాను తగిలించింది. ఆంజనప్ప తాగి పడుకున్న పొద్దున అతని తమ్ముడు తగిలించాడు. అట్లా వేళ్ళు మడుస్తూ తొమ్మిది మందిని లెక్క చెప్పింది. అందరూ గని ఇండ్లవాళ్ళే కదప్పా, తోడువానికి నాగా పడనిస్తామా అని ముగించింది.

డయానా ఒక్కో పేరూ తన బీట్ పుస్తకంలో గుర్తు చేసుకుంది. రెండేళ్ళుగా తాను గర్వంగా చూసుకున్న అరవైమూడు మేకుల వెనక ఎన్ని దొంగ చేతులు. ఒకరి కోసం ఒకరు చేసిన మంచితనంతోనే ఆ పద్ధతికి చెదలు పట్టింది.

డీవైఎస్పీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి అలా చేశాడని అంబరీష్ తర్వాత అందరికీ చెప్పాడు. ఈ రోజు నుంచి టోకెన్లు బంద్ అన్నాడాయన. తాయమ్మ ఊరుకుంటుందా? బంద్ చేస్తే చెయ్యి, ఈ పాప వచ్చి పేరు పెట్టి పిలవల్ల మమ్మల్ని, పలకకపోతే చూసుకోవల్ల అంది. అరవైమూడు ఇళ్ళు ఒక్క మనిషి పిలవడం అయ్యే పనేనా అన్నాడాయన.

“రెండున్నర గంటలు పడుతుంది సార్. స్కూటర్ పెట్టి నడిచి పోతాను,” అంది డయానా.

“బీట్ ఇంకా నీదే అన్నట్టు మాట్లాడుతున్నావు.”

“ఇంకా సంతకం కాలేదు కదా సార్.”

డీవైఎస్పీ ఆర్డరు వైపు చూశాడు. పెన్ను చేతిలోనే ఉంది.

అప్పుడు లేచింది అర్పిత.

నేరుగా అమృతరాజు ముందుకు నడిచి నిలబడింది. చిన్నప్పుడు ఆ మనిషి భుజాల మీద కూర్చుని తేరు చూసిన పిల్ల. ఆమె తల్లి పోయినప్పుడు పాడె పట్టిన నలుగురిలో ఆయన ఒకడు.

“ఒగసారి పిలిచింటే సరిపోయేది గదా మామా.”

“సరిపోయేదమ్మా.”

“మా నాయన అర్సినాడంట. గొంతు పోయేదాంకా అర్సినాడంట. గొంతు చూసి డాక్టరు చెప్పినాడు.”

సెలీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డయానాకు పొద్దుటి కోపం ఇప్పుడు లేదు. ఆయన పక్కకు పోయి నిలబడాలనిపించింది. కానీ తాను వేసుకున్న బట్టలకు ఆ పక్క చోటు లేదని ఆమెకు తెలుసు.

అర్పిత కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగింది.

“పోలీసు మింద కంప్లైంటు రాసిచ్చినా. అది సాహేబ్రు చూసుకుంటారు. ఇప్పుడు ఈయన మింద గూడా రాసిస్తే తీసుకుంటారా? లేకుంటే పోలీసమ్మ మామ అని మడిచి పెడతారా?”

ప్రశ్న వేసింది డయానాకు. అయినా అందరూ డీవైఎస్పీ మొహం చూశారు. ఆయన డయానా మొహం చూశాడు.

కేసు నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి మాట. అసలు అది నేరమేనా అన్నది వకీళ్ళ మాట. అడిగిన ప్రశ్న ఒక్కటే, తీసుకుంటావా అని. అత్త కళ్ళు తన వీపు మీదే ఉన్నాయని డయానాకు తిరిగి చూడకుండానే తెలిసింది. సాయంత్రం ఆ కళ్ళ ముందే కూర్చుని సంగటి తినాలి. బయట స్కూటర్ దగ్గర నిలబడ్డ క్లెమెంట్ రాత్రి పక్కన పడుకుని ఏమంటాడో కూడా తెలుసు.

అల్మరాలోంచి తెల్లకాగితం ఒకటి తీసి అర్పిత ముందు బల్ల మీద పెట్టింది. జేబులోంచి తన పెన్ను తీసి కాగితం మీద ఉంచింది.

“రాయక్కా. ఎస్సై సారు చేతికిచ్చి రసీదు నేనే తీసిస్తా. నోటీసు రాస్తే దాన్ని ఆ ఇంటికి తీసకపోయి ఇచ్చేది గూడా నేనే. ఆ లైన్లు నా బీట్.”

సెలీన్ గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూలబడింది.

అమృతరాజు మాత్రం తల ఎత్తాడు. మూడు రోజులుగా వంగిన తల. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, వాటిని తుడుచుకోలేదు. కోడలి వైపు, కోడలి భుజం మీది ఖాకీ వైపు చూసి, ఆ పెద్ద అధికారి వైపు తిరిగి చెప్పాడు. తన మీదే కేసు రాస్తున్నారన్న సంగతి మరిచిపోయినట్టుంది ఆయన వాలకం.

“చూసినారా సార్. ఈయమ్మికి పరిగెత్తేది నేర్పించింది నేనే.”

డీవైఎస్పీ పెన్ను మూత పెట్టాడు. సంతకం చేయనూ లేదు, ఆర్డరు చింపనూ లేదు. ముందు ఆమె రాయడం కానీయండి, తర్వాత చూద్దాం అన్నాడు.

అర్పిత బెంచీ ముందుకు లాక్కుని కూర్చుంది. తేదీ రాసింది. ఊరి పేరు రాసింది. అమృతరాజు అని రాసి ఆగింది. ఆ పేరు మీదే పెన్ను నిలిపి, తల ఎత్తకుండానే అడిగింది.

“ఇంటి నంబరెంత?”

డయానా అటెన్షన్లోకి వచ్చింది.

“ఆరో లైను, పదిహేడు,” అంది.